క్షురశిల్పి పెరే చరిత్రము

మన మహాసభల సంచికలయందు ధన్వంతరి మహిమయు, బుద్ధభగవానుని శిష్యుడగు ఉపాలి చరిత్రమును, మహారాష్ట్ర భక్తుడగు సేనాజీ చరిత్రమును పలుమారులు వెలువడినవి. అవి యెన్నిమారులు చదివినను తనివి తీరనివే. అయినను ఈ సంచికకు మేము మన కులమునకు గాని మన దేశమునకు గాని చెందని యొక పరాసు శిల్పి చరిత్రమును వ్రాయదలచితిమి. ఇతడు క్షురకుడు గాడు. క్షురకులకు కత్తులు చేసి యిచ్చినవాడు. అంతటితో నూరకుండక, ప్రతి మనుష్యుడును తన గడ్డమును తానే గొఱుగుకొనవచ్చునని గ్రంథము వ్రాసి, అందులకు తగిన కత్తిని గూడ కల్పించిన వాడు. మన వృత్తికి గొడ్డలిపెట్టు పెట్టినవాని చరిత్రము మన సంచికలో నేల యని పోషకులలో కొందఱైన నడుగక మానరు. చదివిన పిమ్మట నడుగుదురు గాక.

జాఁ జాక్ పెరే 1730వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున, మధ్యధరా సముద్రమునకు చేరువనున్న బెజియే పట్టణమున జన్మించెను. అప్పుడు పదునైదవ లూయీ రాజ్యము చేయుచుండెను. పెరే కత్తులు చేయు విద్య నభ్యసించి, పారిస్ నగరము చేరి, అచ్చటి కత్తుల పనివారి శ్రేణియందు ఆచార్యపదము నంది, తిసెరాంద్రీ యను వీథిలో అంగడి పెట్టుకొనెను. క్షురములు, కత్తెరలు, చాకులు, వైద్యుల శస్త్రములు అన్నియు ఆ శ్రేణివారి పనియే.

శ్రేణి యనగా పుట్టుకచే వచ్చు కులము గాదు. శిష్యరికము చేసి, తన చేతిపని పరీక్షకు పెట్టి, రుసుము చెల్లించి చేరవలసిన సంఘము. అయినను కట్టుబాట్ల విషయమున మన పెద్దల కట్టుబాట్లకు తీసిపోదు. ఒక శ్రేణివారి పని వేఱొక శ్రేణివారు చేయరాదు. చేతి మర్మములు తండ్రి కుమారునకును గురువు శిష్యునకును చెప్పుటయే గాని బజారున పెట్టు వాడుక లేదు. పెరే ఆ శ్రేణిలో సామాన్యుడు గాడు. తోడివారి పనులలోని మంచిచెడ్డలు పరీక్షించు పెద్దగా నెన్నికయై కొంతకాలము ఆ పదవి నిర్వహించెను. అట్టి పెద్దయే శ్రేణిగుట్టు నచ్చొత్తించుట మాకు మొదట వింతగా తోచినది.

ఆ దేశపు క్షురకుల స్థితియు ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. పూర్వము అచ్చటివారును మన పూర్వుల వలెనే వైద్యము చేయుచుండిరి. గడ్డము గొఱిగిన చేతులే నెత్తురు తీసెడివి, పుండ్లు కోసెడివి, విఱిగిన యెముకలకు కట్లు కట్టెడివి. 1743లో రాజశాసనముచే శస్త్రవైద్యులు వేఱు, క్షురకులు వేఱు అని విభజించిరి. నాటినుండి క్షురకులకు గడ్డమును, కృత్రిమకేశముల పనియు మిగిలినవి. ఈ కథ మనవారికి క్రొత్త గాదు. మన యిండ్లలోని మందుల సంచియు మంత్రసానితనమును ఎట్లు జారిపోయినవో పెద్దలెఱుగుదురు. పెరే మాత్రము తన యంగడిలో క్షురకుని కత్తిని, వైద్యుని శస్త్రమును ఒకే కొలిమిపై చేయుచునే యుండెను.

1769లో ఆయన మొదటి గ్రంథము పారిస్‌లో ప్రకటింపబడినది. దానికి గ్రీకు మాటలనుండి గడ్డము కోయుట యను నర్థము వచ్చునట్లు పొగొనొతొమీ యని పేరు పెట్టెను. మఱుసటి యేట స్విట్జర్లాండునందలి ఇవర్దోఁ పట్టణమునను అది అచ్చుపడినది. ఆ కాలపు వాడుక ననుసరించి గ్రంథనామము చాల దీర్ఘమైనది. తన్ను తాను గొఱుగుకొన నేర్చుకొను విద్య, పనిముట్లకు పదును పెట్టదగిన సకలవిధములైన రాళ్లను గుర్తించు విధము, కత్తికి తుదిమెఱుగు పెట్టు తోళ్లను సిద్ధపఱచు విధము, మంచి క్షురములు చేయు విధము, నెత్తురు తీయుటను గూర్చి యొక ముఖ్యవిషయము అని యిన్నియు ఆ పేరులోనే చెప్పబడినవి. చదువరులు ఆ వరుసను గమనింపవలెను. గొఱుగుట యను మాట తరువాత వచ్చునది రాయి. రాతి తరువాత తోలు. కత్తి చేయుట ఆ పిమ్మటిది. కత్తులు చేసి యమ్మి బ్రదుకువాడు, కత్తి కొనుటకంటె దాని వాదరను కాపాడుకొనుట ముందుగా నేర్వవలయునని తలంచినాడన్నమాట. మాకు ఆయనయందు గౌరవము గలిగినది ఇచ్చటనే.

పెరే పట్టుకొన్న విషయమును మనవారికి బోధపడునట్లు నేటి జ్ఞానముతో గలిపి కొంత వివరింతుము. నేటి యువకులలో చాలమంది సానరాయి పట్టి యెఱుగరు.

వెంట్రుక మెత్తనిది, ఉక్కు గట్టిది. మెత్తనిదానిచే గట్టిది యేల మొద్దువాఱును? 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు దీనిని సూక్ష్మదర్శినితో పరిశోధించి ప్రకటించిరి. వెంట్రుక ఉక్కుకంటె ఏబది రెట్లు మెత్తనిది. అయినను వాదర తగిలినప్పుడు అది వంగును. వంగిన వెంట్రుక ప్రక్కనుండి త్రోయుటచే, ఉక్కు కూర్పులో సమత తప్పినచోట వాదర నుండి చిన్న పలుకు రాలును. అనగా కత్తి అరుగుటచే మాత్రమే గాదు, పలుకులు లేచుటచేతను మొద్దువాఱును. దీనికి తడి తోడగును. తుడువక మూసిన కత్తికి ఒక్క రాత్రిలోనే వాదరపై కంటికి కనబడని త్రుప్పు పట్టును. కత్తి మూయుటకు ముందు అరచేతిమీదను గుడ్డమీదను తుడుచు మన పెద్దల యలవాటు ఊరక వచ్చినది గాదు.

క్షురమునకును ఇతరమైన కత్తులకును ఒక భేదము గలదు. చాకును నూఱునపుడు ఎంత వాలుగా పట్టవలయునో చేతికి తెలియవలెను. క్షురమున ఆ భారము చేతిపై లేదు. వెన్నును వాదరయు రెండును ఒక్కసారి రాతిని తాకునట్లు పరుండబెట్టినచో వాలు తనంత తానే యేర్పడును. వెన్ను మందమును కత్తి వెడల్పును ఒకదానికొకటి లెక్కకు వచ్చునట్లు చేసిన కమ్మరి ఆ కోణమును ముందే నిర్ణయించి యుంచును. అది సాధారణముగా 15 డిగ్రీలకు కొంచె మటునిటుగా నుండును. నూఱువాడు చేయవలసినది వెన్ను నెత్తకుండుట యొక్కటే. వెన్ను నెత్తి నూఱినవాడు కొన్నిదినములు వాడి చూచును, పిమ్మట కత్తి పాడుచేసికొనును.

ఇక రాయి. ఆ కాలమున ఐరోపాఖండమున క్షురములకు మిక్కిలి పేరెన్నిక గన్నది, నేటి బెల్జియమునందలి ఆర్డెన్ కొండలలో వియెల్‌సామ్ ప్రాంతమున దొరకు పసుపువన్నె రాయి. అది సుమారు 48 కోట్ల సంవత్సరముల నాడు సముద్రపు టడుగున పేరుకొన్న మట్టి రాయిగా మాఱినది. పలుగురాళ్లవలె పెద్దదిగా దొరకదు. నీలివన్నె పలకరాతి నడుమ సన్నని పొరగా నుండును. అందుచే పసుపుపొరను దాని క్రింది నీలిపలకతోనే కోసి తీయుదురు. పొర మఱీ సన్ననిదైనచో వేఱొక పలకకు అతికింతురు. ఈ రాతియందు గోమేధికపు జాతికి చెందిన నలుసులు నూటికి 20 మొదలు 40 పాళ్ల వఱకు గలవు. ఒక్కొక్క నలుసు మిల్లీమీటరులో నూఱవవంతు మాత్రమే. అవి కొనలుదేఱిన గాజుపెంకుల వంటివి గావు, గుండ్రమునకు దగ్గఱైన పలుముఖముల గింజలు. అందుచే ఉక్కును లోతుగా గీయక పైపైనే తఱిగి, ముఖమున హాయిగా నడచు వాదర నిచ్చును.

ఈ రాతికి మఱియొక సుగుణము గలదు. పైన నీరు చల్లి, అదేజాతి చిన్నరాతితో రుద్దినచో పాలవంటి పేస్టు వచ్చును. అందులో గింజలు విడివడి దొరలుచుండును గనుక కత్తి వడిగా తఱుగును. మొద్దువాఱిన కత్తికి ముందు ఆ పాలలో నూఱి, పిమ్మట చుక్క చుక్కగా నీరు చేర్చుచు పలుచన చేసి, చివరకు కేవలము నీటితో నూఱినచో ఒక్క రాయియే ముతకరాయిగను మెత్తనిరాయిగను పనిచేయును. నూనెతో నూఱు రాళ్లు వేఱు. అందు తూర్పు మధ్యధరాతీరమునుండి వచ్చు లెవాంటురాయి ప్రసిద్ధము. జర్మనీ దేశపు తురింగియా పలకరాళ్లును, జపానులో క్యోటో చెంతనున్న నకయామా గనుల రాళ్లును క్షురములకు ఖ్యాతి గాంచినవి గాని పెరే కథకు వానితో పనిలేదు.

రాతిని గుర్తించుట కంటితో గాక చేతితో తెలియవలసిన పని. ఒకే గనిలోని రెండు రాళ్లు ఒక్కరీతిగా నుండవు. గోటితో గీచి, నీరు పోసి అది ఎంతవడిగా ఇంకునో చూచి, చెడిపోయిన కత్తి యొకటి దానిపై నడిపి, నలుసు తగులునేమో వినవలెను. ఒక్క గట్టి నలుసున్నను నూఱుసార్లు నూఱిన పని ఒక్క యీడుపులో పోవును. కొన్న రాయి చిరకాలము సమతలముగా నుండదు. నడుమ గుంటపడును. గుంటపడిన రాతిపై తిన్ననికత్తి పట్టినచో కొనయు మొదలును మాత్రమే తఱిగి నడుమ వంకర మిగులును. అందుచే అప్పుడప్పుడు రాతిని చదునైన మఱియొక రాతిపై ఇసుక చల్లి అరగదీయవలెను.

నూఱునపుడు వాదర ముందుకు పోవలెను. కత్తి తన బరువున తానే నడుచునట్లు చేయి తేలికగా నుంచవలెను. రాయి కత్తి పొడవుకంటె సన్ననిది గనుక మొదటినుండి కొనవఱకు ఏటవాలుగా నీడ్చుకొని రావలెను. త్రిప్పునపుడు వెన్నుమీదుగా త్రిప్పవలెనేగాని వాదరమీదుగా త్రిప్పరాదు. అధికముగా నొక్కినచో వాదరపై సన్నని లోహపుపొర తేలును. అది వ్రేలికి మిక్కిలి వాడిగా తోచి, మొదటి యీడుపుననే మడిగిపోయి ముఖమును కోయును. తోలుపట్టీమీద మాత్రము దీనికి వ్యతిరేకము: వెన్ను ముందు, వాదర వెనుక. తోలు లోహమును విశేషముగా తఱుగదు; చెదరిన వాదరను ఒక వరుసకు తెచ్చును. ఒక్కసారి బాగుగా నూఱిన కత్తి తోలుమీదనే అనేక దినములు నిలుచును. అనుదినము రాయి పట్టువాడు కత్తిని తినివేయుచున్నాడని మా పెద్దలు మందలించెడివారు.

మూడుతరముల పరిచయమున్న చేతులకే తెలిసినదని యెంచబడు ఈ విద్యనంతను పెరే అచ్చులో పెట్టెను. దానితోపాటు గ్రంథమున ఒక క్రొత్తకత్తినిగూడ వివరించెను. వడ్రంగి చిత్రికలో ఉలి కొన కొంచెముమాత్రమే పైకివచ్చి చెక్కను పొరలుగా తీయును. ఆ పద్ధతిని జూచి ఆయన క్షురమునకు ఒక కొయ్యతొడుగు కల్పించెను. వాదర సన్నగీతయంత మాత్రమే బయటనుండును; చేయి వణికినను లోతుగా తెగదు. నేడు ప్రపంచమంతట వాడబడు భద్రక్షురములకు పూర్వపురుషునిగా చరిత్రకారులు దీనినే పేర్కొందురు. అయినను తొడుగులోని కత్తికిని రాయి తప్పదు, తోలు తప్పదు.

ఇచ్చట మనవారి మనస్సు చివుక్కుమనక మానదు. గొఱుగుట నేర్పినవానిని, నూఱుట నేర్పినవానిని, భయము దీర్చు తొడుగు కల్పించినవానిని మిత్రుడని యెట్లందుము? అయితే తప్పంతయు పెరేదని మేము తలంపము. అమెరికా దేశపు ప్రసిద్ధపురుషుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1776 మొదలు 1785 వఱకు పారిస్ సమీపముననే నివసించెను. ఆయన 1788లో స్వీయచరిత్రమున ఒక భాగము వ్రాయుచు, బీదయువకునకు వేయి గినీలిచ్చుటకంటె తన గడ్డము తాను గొఱుగుకొని తన కత్తి తాను చక్కబెట్టుకొన నేర్పుటయే మేలని వాదించెను. ఏలయన క్షురకునికొఱకు కాచుకొనియుండు బాధయు, వాని మురికివ్రేళ్లును, నోటివాసనయు, మొద్దుకత్తియు తప్పునట! మాట కటువైనది. మేము దానిని చదివి రోషపడితిమి. రోషము తీఱిన పిమ్మట, మొద్దుకత్తి యను నొక్కమాట మాత్రము మమ్ము విడువలేదు. కత్తి మొద్దువాఱిననాడే ఖాతాదారుడు అద్దము కొనుక్కొనెను.

పెరే తరువాతి కృషి మఱింత గొప్పది. ఫ్రాన్సునందలి రాజాశ్రిత విజ్ఞానపరిషత్తువారు దేశమునందలి వృత్తులన్నిటిని వర్ణించు గ్రంథమాలను 1761 మొదలు ప్రకటించుచుండిరి. అందు చాల గ్రంథములు పండితులు పనివారి నడిగి తెలిసికొని వ్రాసినవి. కొలిమి యూదినచేయియే కలము పట్టినవి కొన్నియే. వడ్రంగమునుగూర్చి రూబో వ్రాసినదియు, కత్తులపనినిగూర్చి పెరే వ్రాసినదియు అట్టివి. 1771, 1772 సంవత్సరములలో వెలువడిన పెరే గ్రంథమున నూఱుకు పైగా చిత్రపటములు గలవు. రెండవభాగము శస్త్రవైద్యుల పనిముట్లకే కేటాయింపబడినది. ఏ కత్తికి ఏ యుక్కు, ఏ సాన, ఏ పిడి యని పటములతో చూపబడినందున నేటికిని ఆ కాలపు శస్త్రవైద్యచరిత్ర వ్రాయువారు దానిని తెఱవక తప్పదు. పిమ్మట ఉక్కు గుణములు, దానిని కాచుట, పదునెక్కించుట అను విషయములపై ఆయన వ్రాసిన ప్రబంధమునకు 1777లో జెనీవా కళాసంఘమువారు బహుమాన మిచ్చిరి. అది 1779లో అచ్చుపడెను.

ఉక్కు ప్రసక్తి వచ్చినది గనుక ఒక్కమాట. పెరే గతించిన పదేండ్లకు, 1794లో, బొంబాయి నుండి హెలీనస్ స్కాట్ అను వైద్యుడు మనదేశపు మూసయుక్కును లండనుకు పంపెను. దానితో స్టోడార్ట్ అను శస్త్రశిల్పి పనిముట్లు చేసి మెచ్చుకొనెను. అట్టి యుక్కును కరగించిన యూళ్లలో తెలంగాణమునందలి కోనసముద్రము ప్రసిద్ధమైనది. ఆ మూసలు నింపినవారు గాని, ఆ యుక్కు కత్తికి సానపట్టినవారు గాని ఒక్క పుటయైనను వ్రాసి పెట్టలేదు. కోనసముద్రపు పనిని గూర్చి నేడు మనము చదువునది చాలవఱకు పరదేశీయులు వచ్చి చూచి వ్రాసికొని పోయినదే.

పెరే 1784లో పారిస్‌లో పరమపదించెను. ఆయన పెద్దరికము చేసిన శ్రేణులు 1776లో ఒకమారు రద్దయి, కొలదినెలలలో మరల నిలిచి, విప్లవకాలమున 1791లో శాశ్వతముగా రద్దయినవి. శ్రేణి గుట్టు శ్రేణిలోనే యుండినచో దానితోనే పోయియుండును. 1880లో న్యూయార్కునందు కాంఫె సోదరులు చువ్వల రక్షణగల క్షురము చేసిరి. 1904లో జిల్లెట్ పాఱవేయదగిన బ్లేడుకు హక్కుపత్రము పొందెను. ఆ కత్తికి సానయే అక్కఱలేదు. మొద్దువాఱినది పాఱవేయుటయే. నేడు మన సెలూన్లలోను కత్తి రూపము పాతదే గాని లోపల పెట్టునది సగము బ్లేడు. ఒకరికి వాడినది మఱియొకరికి వాడకుండుట రోగములు వ్యాపింపకుండుటకు మంచిది. ఆ మార్పును మేము నిందింపము. కాని రాయి యెఱిగిన చేతులు ప్రతి ప్రాంతమునను ఏటేట తగ్గిపోవుచున్నవి. పాశ్చాత్యదేశములలో పాతక్షురము మరల వాడదలచినవారిలో కొందఱు నేడు పెరే గ్రంథమును తెఱచి, రాతి రంగు చూచి, వెన్ను నెత్తకుండ పట్టుకొన నేర్చుకొనుచున్నారు.

మా తాతగారి పొదిలో అద్దము, నహరణి, కత్తెర, ఇత్తడిగిన్నె, రెండు కత్తులు, తోలుపట్టీ, జానెడు నల్లరాయి యుండెడివి. ఆ రాయిని ఆయన ఎవరిని ముట్టనిచ్చెడివారు గారు. నూఱుటకు ముందు కొబ్బరినూనె చుక్కవేసి చాలసేపు వ్రేలితో రాచెడివారు. ఒకమారు మేము బాల్యచాపల్యమున దానిపై చాకు గీచినందుకు వీపుపై పడిన దెబ్బ యింకను జ్ఞప్తియందున్నది. ఎన్ని యీడుపులు, ఎంత నూనె, నడుమ గుంటపడినచో ఏమి చేయవలె నని అడుగవలె నను బుద్ధి మాకు అప్పుడు పుట్టలేదు. ఆయన పోయిన పిమ్మట ఆ రాయి వంటయింటికి చేరినది. కత్తిపీట నూఱుటచే నడుమ దొప్పవలె గుంటపడి, తుదకు రెండు ముక్కలైనది. ఆ ముక్కలు మాయొద్ద నున్నవి.

ఈ మహాసభ జరుగు మూడుదినములును భోజనశాలకు కుడివైపున ఒక బల్ల వేయించి, వ్రాయసకాండ్ర నిద్దఱిని కూర్చుండబెట్టితిమి. ఇండ్లలో సానరాళ్లున్నవారు, వానిని వాడ నెఱిగిన వృద్ధులున్నవారు, రాతితోపాటు ఆ వృద్ధులను గూడ తీసికొని రావలెను. రాయి యెచ్చటిది, నీటిదా నూనెదా, కత్తి యెట్లు పట్టుదురు, ఎప్పుడు చాలునని తెలియును అని యడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొందుము. పలుకలేని పెద్దలు నూఱి చూపిన చాలును.